ఆయిలింజను డైరీ: మా ఊరి పిండిమర షెడ్డులో మూడు నెలలు

2023 నవంబరు 12, ఆదివారం

దీపావళికి ఊరు వచ్చాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక షెడ్డు తెరిపించాను. తాళంచెవి తిరగలేదు, చివరకు గొళ్లేన్నే ఊడదీయవలసి వచ్చింది. తలుపు తీయగానే వాసన వచ్చింది. గబ్బిలాల రెట్ట, తడిసిన చెక్క, వాటి అడుగున ఎక్కడో సన్నగా పాత డీజిలు. కప్పులో రెండుచోట్ల పెంకులు జారిపోయాయి. ఆ సందుల్లోంచి దిగిన ఎండ సరిగ్గా ఆయిలింజను పక్కనుండే బరువైన ఇనుపచక్రం, ఫ్లైవీలు మీద పడుతోంది. ఆ ఇంజనును మళ్లీ నడిపించే పని మొదలుపెట్టాలని నేను నిశ్చయించుకున్నది ఆ ఎండ చూసినప్పుడే.

బాపట్లకు దగ్గరలో ఉన్న మా ఊళ్లో మా తాతగారి పిండిమర ఇది. 1950లలో పెట్టారు. ఇంజను లిస్టర్ 6/1. ఆరు హార్స్‌పవర్, ఒక్క సిలిండరు అని ఆ అంకెలకు అర్థం. నిమిషానికి 650 చుట్లు, బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, నాలుగున్నర అంగుళాలు, స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, అయిదున్నర. ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో డర్స్‌లీ అనే చిన్న పట్టణంలో, 1867లో వ్యవసాయ పనిముట్లతో మొదలైన కంపెనీ తయారుచేసింది. 1930 ప్రాంతంలో బజారులోకి వచ్చిన ఈ నమూనా పెద్ద మార్పులేమీ లేకుండా 1980ల దాకా తయారవుతూనే ఉంది. దీన్ని చూసి మన రాజ్‌కోట్‌లో చేసిన ఇంజన్లయితే లెక్కలేనన్ని. డెల్టాలో చెరకు గానుగకు, నీటి పంపుకు, పిండిమరకు ఈ రూపమే కనబడేది.

ఊళ్లోకి కరెంటు మోటార్లు వచ్చాక 1983లో దీన్ని ఆపేశారు. అప్పటినుంచి ఎవరూ తిప్పలేదు. అన్నయ్య, అంటే పెద్దనాన్నగారి అబ్బాయి, పాత ఇనుము కొనేవాణ్ణి ఇప్పటికే ఒకసారి పిలిపించి తూకం మాట్లాడాడట. సంక్రాంతి దాకా ఆగమన్నాను. "సరే చెల్లాయ్, అప్పటికి తిరిగితే నీది. తిరగకపోతే తూకానికి" అన్నాడు.

నవంబరు 19

మేస్త్రిగారు వచ్చారు. తాతగారి దగ్గర ఇరవై ఏళ్లు ఈ ఇంజను నడిపిన మనిషి. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. సైకిలు గోడకు ఆనించి, లోపలికి వచ్చి, ముందుగా దేన్నీ ముట్టుకోకుండా చుట్టూ ఒకసారి తిరిగారు. తర్వాత ఫ్లైవీలు ఆకు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపి చూశారు. రవ్వంతైనా కదల్లేదు.

"పట్టేసిందమ్మా. పగల్లేదు, పట్టేసింది. ఈ రెంటికీ తేడా ఉంది" అన్నారు.

హెడ్డు, అంటే సిలిండరు పైమూత, విప్పడానికి రోజంతా పట్టింది. నట్టు మీద సుత్తి వేయనివ్వలేదు. కిరసనాయిలు పోయడం, పానాతో రవ్వంత లాగి వదలడం, మళ్లీ పోయడం. సాయంత్రం హెడ్డు పైకి లేచేసరికి లోపల పిస్టను సగం లోతులో ఆగి ఉంది. దాని అంచు వెంట తుప్పు ఎర్రటి గీతలా కట్టింది. సగం కిరసనాయిలు, సగం ఇంజనాయిలు కలిపి సిలిండరు నిండా పోశాం. వారం వారం తగ్గినంత మేరకు మళ్లీ నింపాలి. పైన గోనెపట్టా, దాని మీద పళ్లెం బోర్లించాం.

నవంబరు 26

పిస్టను నానుతోంది కాబట్టి ఈ వారమంతా శుభ్రం చేసే పనే. శనివారం సెలవు పెట్టి రెండు రోజులు ఉన్నాను. ఈ రెండు రోజులూ నాకు చాలా నచ్చాయి.

ముందు పేరు పలక. ఇత్తడిది, అరచేయంత. బ్రష్షుతో దుమ్ము దులిపితే కంపెనీ పేరు బయటపడింది కానీ నంబరు మాత్రం చదవడానికి రాలేదు. అంకెలు ఉండవలసిన చోట నున్నగా, కాస్త పల్లంగా ఉంది. ఎందుకలా అరిగిందో మేస్త్రిగారు చెప్పారు. ఏటా దసరాకు ఆయుధపూజ ముందురోజు మా నాయనమ్మ చింతపండు పెట్టి ఆ పలకను తోమేదట. పాతికేళ్ల పైచిలుకు చింతపండు తోముడుకు అంకెలు కరిగిపోయాయి. పలక మూలల్లో, మరలు దిగిన గుంటల్లో కుంకుమ ఇంకా ఎర్రగా మిగిలి ఉంది. ఆ కుంకుమను తీయలేదు, తీయను.

స్టార్టింగు హ్యాండిలు మీద అరచేతులు పడే చోటు మాత్రం తుప్పు పట్టలేదు. మిగిలిన కడ్డీ అంతా గోధుమరంగు పొరలు కట్టినా, ఆ జానెడు మేర ముదురు నలుపు రంగులో, నీళ్లలో తడిసిన రాయిలా నిగనిగలాడుతోంది. చేతుల జిడ్డు ఇనుములోకి అంతగా పట్టింది. నా చెయ్యి పెట్టి చూశాను. వేళ్లు ఎక్కడ ఉండాలో ఆ అరుగుదలే చెప్పింది.

ఇంజను వెనక గోడ సున్నం మీద బొగ్గుతో గీసిన లెక్కలున్నాయి. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, ఇలా వరసలు వరసలు. కుంచాల లెక్కో, మనిషికింత బాకీ లెక్కో తెలియదు. ఒకచోట ఎవరో చిన్నపిల్లవాడు చేప బొమ్మ గీశాడు. ఆ గోడకు కొత్త సున్నం వేయవద్దని పనివాళ్లకు రెండుసార్లు చెప్పాను.

సాయంత్రం అన్నయ్య వచ్చి, ఇంజనుకు ఇసుక కొట్టించి తుప్పు మొత్తం లేపి, మంచి ఆకుపచ్చ రంగు వేయిస్తే కొత్తదానిలా ఉంటుందన్నాడు. లిస్టరు అసలు రంగు ఆకుపచ్చే, ఆ మాట నిజమే. అయినా ఒప్పుకోలేదు. ఇసుక కొడితే తుప్పుతోపాటు చేతుల నునుపు పోతుంది, కుంకుమ పోతుంది, డర్స్‌లీలో వేసిన అసలు రంగు ఫ్లైవీలు ఆకుల లోపలివైపు అక్కడక్కడ మిగిలి ఉంది, అదీ పోతుంది. కొత్త ఇంజనులా కనిపించేదే కావాలంటే రాజ్‌కోట్ నుంచి ఒకటి తెచ్చుకోవచ్చు. ఈ ఇంజను ఈ ఊళ్లో ముప్ఫై ఏళ్లు పనిచేసింది, ఆ పని ఆనవాళ్లు దాని ఒంటిమీద ఉన్నాయి. నేను దాచాలనుకుంటున్నది వాటినే. వైరు బ్రష్షు కూడా వాడకుండా, కిరసనాయిలు గుడ్డతో వదులు తుప్పు తుడిచి, పైన అవిసె నూనె పల్చగా పూస్తున్నాను. ఆరితే ఇనుము ముదురు రంగు తేరుతుంది, గాలి తగలదు. ఒక ఫ్లైవీలుకు మూడు గంటలు పట్టింది.

లండన్‌లో క్రాస్‌నెస్ అని ఒక పాత పంపింగు స్టేషను ఉంది. 1865లో ఊరి మురుగునీటిని థేమ్స్ నదిలోకి తోడిపోయడానికి కట్టారు. మురుగు తోడే చోటే అయినా లోపల పోత ఇనుముతో ఆకులూ పూలూ పోసి, రంగులు వేసి గుడి మండపంలా తీర్చారు. నాలుగు భారీ ఆవిరి యంత్రాలు మూలపడి తుప్పు పట్టిపోతే, స్వచ్ఛందంగా వచ్చిన మనుషులు వాటిలో ఒకదాన్ని ఏళ్ల తరబడి బాగుచేసి 2003లో మళ్లీ నడిపించారు. మిగిలిన వాటి తుప్పును చూసిన కళ్లతోనే సందర్శకులు నడిచే యంత్రాన్ని చూడగలిగారు. నా లిస్టరుకు ఆకులూ పూలూ ఏమీ లేవు. కానీ దీనికీ దాచుకున్న భాగమంటూ పెద్దగా లేదు. వాల్వు ఎత్తే కడ్డీలు బయటే ఉన్నాయి, వాల్వులను నొక్కే రాకర్లు బయటే ఉన్నాయి, డీజిలు పంపు బయటే ఉంది. చదువురాని మనిషి కూడా పక్కన నిలబడి చూస్తూ ఏది దేన్ని కదిలిస్తోందో తెలుసుకోవచ్చు. ఇప్పటి జనరేటరు పక్కన నిలబడితే నాకు రేకు డబ్బా తప్ప ఏమీ కనబడదు.

డిసెంబరు 10

మిచాంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఊళ్లో అందరి వరికుప్పలూ తడిసిపోయాయి, అలాంటప్పుడు షెడ్డు సంగతి అడగడానికి నోరు రాలేదు. మేస్త్రిగారే ఫోను చేశారు. గాలి మొదలయ్యే ముందు ఆయనా ఆయన మనవడూ వెళ్లి ఇంజను మీద పట్టా కప్పి తాళ్లతో కట్టారట. సిలిండరులో నీళ్లు పడలేదు.

కప్పు మీద నూటయాభై దాకా పెంకులు పోయాయి. మంగళూరు పెంకులు ఇవి, మా వైపు చాలామంది బెంగుళూరు పెంకులంటారు. 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్లు మంగళూరు దగ్గర జెప్పులో మొదటి కార్ఖానా పెట్టారు, మంగళూరు పేరు అలా వచ్చింది. పక్క ఊళ్లో పడగొడుతున్న ఒక ఇంటి పెంకులు దొరికాయి, కానీ వాటి గాడి మా పెంకుల గాడిలో కూర్చోవడం లేదు. అచ్చు వేరు. అందుకని మా మంచి పెంకులన్నీ ఇంజను మీదికి వచ్చే భాగానికి మార్చి, తెచ్చినవి తలుపు వైపు వరసగా వేయించాను. దూలాలు టేకువి, ఒక్కటీ చెడలేదు.

డిసెంబరు 24

కదిలింది.

పిస్టను మీద మద్దిచెక్క దిమ్మ పెట్టి మేస్త్రిగారు సుత్తితో మెల్లగా తట్టారు. నేనూ ఆయన మనవడూ చెరో ఫ్లైవీలు పట్టుకుని ఊపుతున్నాం. గంటసేపు ఏమీ లేదు. తర్వాత ఒక చిన్న చప్పుడు, ఎండుకొమ్మ విరిగినట్టు. నాకు గుండె జారింది, ఏదో పగిలిందనుకున్నాను. ఆయన మాత్రం నవ్వి, "అదే, అదే. ఊపండి" అన్నారు. నూలు మందం దిగింది. మళ్లీ తట్టారు, మళ్లీ నూలు మందం. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఫ్లైవీలు పూర్తి చుట్టు తిరిగింది. నలభై ఏళ్ల తర్వాత తిరిగిన మొదటి చుట్టు. ఇద్దరం వదిలేసినా ఆ బరువుకు అది ఇంకో పావు చుట్టు తనంతట తానే తిరిగింది.

చైను బ్లాకుతో సిలిండరు పైకి లేపాం. పిస్టను చుట్టూ ఉండే రింగులన్నీ గాళ్లలో అతుక్కుపోయి ఉన్నాయి, రెండు తీస్తుండగానే విరిగిపోయాయి. బేరింగులు మాత్రం చూడముచ్చటగా ఉన్నాయి. కనెక్టింగు రాడ్డు కింది కొసన ఉండే బిగ్గెండు బేరింగు తెల్లలోహం పొర మీద ఒక్క గీత కూడా లేదు. కనెక్టింగు రాడ్డు అడుగున చిన్న చెంచాలాంటి ముక్క ఉంటుంది. ప్రతి చుట్టుకూ అది కింద ఆయిల్లో మునిగి నూనెను పైకి చిమ్ముతుంది. ఆయిలు పంపు లేకుండా ఆ చెంచా ఒక్కటే లోపల చాలా భాగాలకు నూనె పోస్తుంది.

2024 జనవరి 7

సిలిండరును విజయవాడ ఆటోనగర్‌లో సాన పట్టించాను, డీజిలు చిమ్మే నాజిలు పరీక్ష చేయించాను. రింగులు వేరే చోటు నుంచి తెప్పించాను. అమ్మినవారు కొలత చూడకుండా ఇచ్చారు, సిలిండరులో పెడితే రింగు రెండు కొసలూ ఒకదాన్నొకటి తాకుతున్నాయి. అలాగే బిగిస్తే వేడికి పెరిగి రింగు పట్టేస్తుంది. అంగుళం బోరుకు మూడు నాలుగు థౌల లెక్కన సందు ఉండాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మా బోరుకు పద్దెనిమిది థౌలు పెట్టుకుని, సన్నటి ఆకురాయితో ఒక్కొక్క రింగూ రాసి సరిచేశాను. అన్నింటికీ కలిపి ఒక పూట పట్టింది.

హెడ్డు బిగించే ముందు పిస్టను తల మీద సీసపు తీగ ముక్క గ్రీజుతో అంటించాం. హెడ్డు బిగించి, ఫ్లైవీలు ఒక చుట్టు తిప్పి, మళ్లీ విప్పి, నలిగిన తీగ మందం కొలిచాం. పిస్టనుకూ హెడ్డుకూ మధ్య ఎంత సందు మిగులుతుందో తీగ చెబుతుంది. సిలిండరు కింద ఒక పల్చని పేకింగు అదనంగా వేయవలసి వచ్చింది. మేస్త్రిగారికి మైక్రోమీటరు అక్కర్లేదు. తీగను వేళ్ల మధ్య నలిపి "ఎక్కువ" అన్నారు, "తక్కువ" అన్నారు. నేను కొలిచిన ప్రతిసారీ ఆయన మాటే సరిపోయింది.

జనవరి 14, భోగి

నడవలేదు.

ఇల్లంతా చుట్టాలు. భోగిమంట అయ్యాక అందరూ షెడ్డుకు వచ్చారు. హ్యాండిలు అన్నయ్యా మేస్త్రిగారి మనవడూ పట్టుకున్నారు. మేస్త్రిగారు వాల్వు మీట ఎత్తి పట్టారు. వాల్వు తెరిచి ఉన్నంతసేపూ లోపల గాలి ఒత్తిడి ఉండదు కాబట్టి ఫ్లైవీలు సులువుగా తిరుగుతుంది. వేగం అందుకున్నాక మీట వదలాలి. వదిలారు. ఒక్క దెబ్బ కొట్టింది. పొగగొట్టంలోంచి తెల్లటి పొగ ముద్ద లేచింది. మళ్లీ ఒక దెబ్బ. ఆగిపోయింది. ఎనిమిదిసార్లు తిప్పాం. తెల్లపొగ తప్ప ఏమీ లేదు. పిల్లలు గాలిపటాలకు వెళ్లిపోయారు.

అన్నయ్య తూకం మాట ఎత్తలేదు. చేతుల మసి తుడుచుకుంటూ, "రెండు దెబ్బలు కొట్టిందిగా. వచ్చే వారం చూడు" అన్నాడు.

జనవరి 21

తెల్లపొగ అంటే డీజిలు లోపలికి వెళుతోంది, మండడం లేదు. మండాలంటే గాలి బాగా నొక్కుకుపోయి వేడెక్కాలి. అంటే ఒత్తిడి ఎక్కడో చాలడం లేదు. వాల్వుల మీద అనుమానపడి హెడ్డు తిరగేసి, రంధ్రాల్లో కిరసనాయిలు పోసి పది నిమిషాలు చూశాం. ఒక్క చుక్క కారలేదు.

తర్వాత మేస్త్రిగారి చూపు హెడ్డు పక్కనున్న చిన్న చేతిచక్రం మీద పడింది. ఈ ఇంజను సొగసంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. హెడ్డులో డీజిలు మండే గదికి ఆనుకుని ఇంకొక చిన్న గది ఉంటుంది. చక్రం బిగిస్తే ఆ చిన్న గది మూసుకుపోయి ఒత్తిడి పెరుగుతుంది, చల్లటి ఇంజను కూడా అంటుకుంటుంది. ఇంజను వేడెక్కి బరువు లాగేటప్పుడు చక్రం వదులు చేస్తే గది తెరుచుకుని ఒత్తిడి తగ్గుతుంది. పెట్రోలు కానీ, పాత ఆయిలింజన్లలోలా మంట పెట్టి కాల్చే ఇనుపగుండు కానీ లేకుండా, 1930 నాటికి ఒక రైతు చేతితో తిప్పి డీజిలు ఇంజను వేసుకోగలిగాడంటే ఇలాంటి ఏర్పాట్ల వల్లే.

చక్రం బిగుసుకున్నట్టే అనిపిస్తోంది. విప్పి చూస్తే, వాల్వు కూర్చునే చోట మసి రాయిలా గట్టిపడి ఉంది. వాల్వు దాని మీద ఆగిపోతోంది, గది మూసుకోవడం లేదు. వెదురుపుల్ల చెక్కి, దాంతో గీకి, గుడ్డతో తుడిచాం. మళ్లీ బిగిస్తే చక్రం మునుపటికంటే ముప్పావు చుట్టు ఎక్కువ తిరిగింది.

మధ్యాహ్నం రెండున్నర. మేము ముగ్గురమే ఉన్నాం. మేస్త్రిగారు హ్యాండిలు నన్నూ పట్టుకోమన్నారు. అరుగుదల ఉన్న చోటే చేతులు పెట్టాను. పన్నెండు చుట్లు తిప్పి ఉంటాం. ఆయన మీట వదిలారు.

మొదటి దెబ్బ నేలలోంచి కాళ్లలోకి వచ్చింది. రెండోదానికి హ్యాండిలు తనంతట తాను జారి నా చేతుల్లోకి వచ్చేసింది. మూడు, నాలుగు, ఆ తర్వాత లెక్కపెట్టలేకపోయాను. పొగ తెల్లగా, బూడిదగా, కాసేపటికి కంటికి కనబడనంత పల్చగా అయింది. మేస్త్రిగారు చక్రాన్ని వదులు చేశారు. చప్పుడు మెత్తబడి నిలకడ పట్టింది. రెండు చుట్లకు ఒక దెబ్బ, అంటే దాని నిండు వేగంలో నిమిషానికి 325 దెబ్బలు. మేము అందులో సగం మించనివ్వలేదు. ఒక్కొక్క దెబ్బా విడిగా వినబడుతోంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఫ్లైవీళ్లు బరువును మోసుకెళ్లే ఆ చిన్న నిశ్శబ్దం కూడా వినబడుతోంది. కదలనప్పుడు విడివిడిగా కనబడిన ఆకులు తిరిగేటప్పుడు కలిసిపోయి పల్చని గాజు బిళ్లలా అయ్యాయి. వాటి వెనక గోడ మీది బొగ్గు గీతలు కనిపిస్తున్నాయి.

బయట సిమెంటు తొట్టె నుంచి రెండు గొట్టాలు ఇంజనుకు వస్తాయి. నీళ్లు తిప్పడానికి పంపు లేదు. వేడెక్కిన నీళ్లు తేలికై పైగొట్టం గుండా తొట్టెలోకి పోతాయి, చల్లటివి కిందిగొట్టం గుండా వస్తాయి. పావుగంటయ్యాక రెండు చేతులూ రెండు గొట్టాల మీద పెట్టాను. పైది చేతిని నిలవనివ్వలేదు, కిందిది చల్లగా ఉంది. చలికాలం తెల్లవారుజామున పిండికి వచ్చిన ఆడవాళ్లు ఈ తొట్టెలోని గోరువెచ్చటి నీళ్లతో ముఖం కడుక్కునేవారని అమ్మ చెబుతుంది.

నలభై నిమిషాలు నడిపి ఆపాం. చప్పుడు విని వీధిలోంచి ఐదారుగురు ముసలివాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఒకావిడ ఏమీ మాట్లాడకుండా లోపలికి వచ్చి, కొంగుతో పేరు పలక తుడిచి వెళ్లింది.

ఫిబ్రవరి 4

బెల్టు వేశాం. ఇంజను పుల్లీ చేత్తో తడిమితే మధ్యలో కాస్త ఉబ్బుగా తగులుతుంది, కంటితో చూస్తే సమంగానే అనిపిస్తుంది. బెల్టు పల్చటి పట్టీ, దానికి అంచుల్లో ఏ అడ్డూ లేదు, అయినా జారిపోదు. తిరిగే బెల్టు ఎప్పుడూ పుల్లీ ఎత్తు వైపుకే పాకుతుంది. పక్కకు తప్పితే దానంతటదే మధ్యకు వస్తుంది. నేను చేతికర్రతో బెల్టును అంగుళం పక్కకు తోశాను. రెండు చుట్లలో మళ్లీ మధ్యకు వచ్చి కూర్చుంది. నాలుగైదుసార్లు తోసి చూశాను. ఆ పుల్లీ పోసిన మనిషి ఎవరో, ఆ ఉబ్బు ఎంత ఉండాలో ఎంత బాగా తెలుసో అనిపించింది.

బెల్టును ముందు ఖాళీ పుల్లీ మీద తిప్పి, తర్వాత కర్ర మీటతో పని పుల్లీ మీదికి జరిపాం. మర తిరిగింది. ఐదు కిలోల బియ్యం పోశాం. పిండి బరకగా, గోరువెచ్చగా వచ్చింది. రాళ్లు నున్నబడ్డాయి, కక్కు కొట్టించాలి, అంటే వాటిని మళ్లీ గరుకు చేయించాలి. అది కొట్టేవాళ్లు చీరాల వైపు ఒకరున్నారట, మేస్త్రిగారు కనుక్కుంటానన్నారు.

ఈ మూడు నెలలూ మనం పోగొట్టుకున్న పాత కట్టడాలు తరచు గుర్తుకొచ్చాయి. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో కట్టిన విద్యుత్ కేంద్రాన్ని 1995లో పడగొట్టారు. వరంగల్లులో 1934 నాటి ఆజంజాహి మిల్లు కూడా లేదు. రాజమండ్రిలో 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయినా, వంతెన ఇంకా గోదావరి మీద నిలబడే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఊపిరి తేలికపడుతుంది. పెద్దవాటిని కాపాడటం నా ఒక్కదాని చేతుల్లో లేదు. ఈ షెడ్డు మాత్రం ఉంది.

అన్నయ్య నిన్న సాయంత్రం వచ్చి, బెల్టు దగ్గర పిల్లలు చేతులు పెట్టకుండా కట్టడి కావాలన్నాడు. ఊళ్లో కమ్మరితో మాట్లాడి, వెల్డింగు లేకుండా రివెట్లతో ఇనుపపట్టీల కంచె చేయిస్తానని కొలతలు కూడా తీసుకువెళ్లాడు. షెడ్డుకు కొత్త గొళ్లెం తనే బిగించాడు. తాళంచెవి ఒకటి మేస్త్రిగారికి ఇచ్చాం.

మిగిలిన పనులు: రాళ్లకు కక్కు, తొట్టె అడుగున పగులు, రెండో ఫ్లైవీలుకు అవిసె నూనె రెండో పూత. బెల్టు జారకుండా రుద్దడానికి రోజనం ముద్ద కూడా కావాలి. మేస్త్రిగారు నలభై ఏళ్ల క్రితం దూలం సందులో ఒకటి దాచానన్నారు, ఈ ఆదివారం నిచ్చెన వేసి చూడాలి.